తోట కాపుకొచ్చేలోపు

ఈ ఏడు ఆయిల్ పామ్ మొక్క నాటిన రైతు మొదటి గెల కోయాలంటే సుమారు నాలుగేళ్లు ఆగాలి. ఆ తరువాత పాతికేళ్ల దాకా రాబడి. మరి ఈ నాలుగేళ్లూ?

9 మీటర్ల ఎడంతో త్రికోణ పద్ధతిలో నాటితే ఎకరాకు 57 మొక్కలే పడతాయి. మధ్యనున్న నేలకు ఎండ బాగా తగులుతుంది. అక్కడ వేరుశనగ, మినుము, కూరగాయలు, అరటి వేసుకోవచ్చు. అయితే అంతర పంటకు అడ్డొస్తున్నాయని పామ్ ఆకులు నరకకండి. పాదు దగ్గర వేళ్లు తెగేలా దున్నకండి. లేత మొక్కకు వచ్చే పూగుత్తులను మొదటి రెండున్నర, మూడేళ్లు తీసేయాల్సిందే. ముందు కాండం, వేరు బలపడాలి గదా!

నన్నడిగితే, ‘తోట కాపుకొచ్చాక చూద్దాం’ అంటూ అన్నీ వాయిదా వేసే ఇల్లే ఎక్కువ నష్టపోతుంది. పిల్లల చదువు, నాయనమ్మ కళ్లద్దాలు, సంక్రాంతికి కొత్త బట్టలు నాలుగేళ్లు ఆగుతాయా? మినుములమ్మిన డబ్బులో కొంత వాటికీ తీయండి. మిగిలింది తోట ఎరువులకు పెట్టండి. మీ నేలకు ఏ అంతర పంట నప్పుతుందో ఉద్యాన శాఖ అధికారిని అడిగి, ఈ సీజన్‌లోనే విత్తండి.