నకలు, నకిలీ

నకలు, నకిలీ అనే రెండు మాటలూ ఒకే ఇంటినుండి వచ్చినవి. అయినా మన వ్యవహారంలో ఆ రెండింటి మర్యాద ఒకటి కాదు. రిజిస్ట్రారు కచేరీకి పోయి దస్తావేజు నకలు తీసుకొన్న గృహస్థును ఎవరూ శంకించరు. నకిలీ దస్తావేజు పుట్టించినవాడు మాత్రం బోనెక్కవలసిందే. మొదటివాడు ఉన్నదానిని ఉన్నట్లు ఎత్తి వ్రాసుకొన్నాడు. రెండవవాడు తనది కాని ముద్రను తన కాగితంమీద వేసుకొన్నాడు. ఈ భేదాన్ని ఈ పూట ఒక చిన్న వస్తువుకు అన్వయించి చూడదలచినాము. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవారు పాదంవద్ద పెట్టుకొనే పెడలు ఆ వస్తువు.

మీ ఇంట గిటారు నేర్చుకొంటున్న అబ్బాయో అమ్మాయో ఉంటే దీని పేరు ఈపాటికి మీ చెవిని పడే ఉంటుంది. వెల కూడ పడి ఉంటుంది. అది అరచేతిలో ఇమిడే ఒక పెట్టె. గిటారునుండి వచ్చే తీగ ఒకవైపు, ఆంప్లిఫయరుకు పోయే తీగ రెండవవైపు. పైన రేడియోకు ఉండేటటువంటి నాబులు రెండో మూడో, వాటి క్రింద కాలితో నొక్కే మీట. మీట నొక్కగానే గిటారు నాదం మారుతుంది. ఒక పెడలుతో గొంతు జీరవోయినట్లవుతుంది, మరొకదానితో గుహలోనుండి పలికినట్లుంటుంది. ఇంచుమించు ఒకే పని చేసే పెట్టె మూడు వేల రూపాయలకూ దొరుకుతున్నది, ముప్ఫై వేలకూ దొరుకుతున్నది. చవకది సాధారణంగా చైనాలోని పెద్ద కర్మాగారాలలో యంత్రాలమీద తయారవుతుంది. ప్రియమైనది ఏ అమెరికాలోనో ఐరోపాలోనో కొద్దిమంది పనివాండ్రు గల చిన్న శాలలో తయారవుతుంది. అటువంటివాటిని 'బొటీక్' పెడళ్ళని వ్యవహరిస్తారు. చవకవాటిలో చాల భాగం ప్రియమైనవాటికి నకళ్ళే. పదవ వంతు ధరకు ఆ నకలు కొనడం ధర్మమా, కాదా అని గిటారు వాద్యకారులు ఏండ్ల తరబడి వాదులాడుకొంటున్నారు.

ఆ పెట్టె పుట్టుక తెలియనిదే తీర్పు చెప్పడం కుదరదు. రేడియోలో పనిచేసే మావంటివారికి ఆ కథ కొంత చిత్రంగా కూడ తోస్తుంది. ధ్వని వికృతి పొందకుండ మీ ఇంటికి చేర్చడానికే మా ఇంజనీర్లు రాత్రింబవళ్ళు పాటుపడతారు. ఆ వికృతికే వెల కట్టి అమ్మే వస్తువు ఇది! అమెరికాలో నాష్‌విల్ నగరంలో మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ' రికార్డు చేసేటప్పుడు మిక్సింగు బల్లలో ఒక చానలు చెడిపోయినది. గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు బొంగురుపోయి బరబరమని పలికినది. దానిని తీసివేయక అట్లే ఉంచినారు. 1961లో ఆ పాట జనంలో మారుమ్రోగినది. అక్కడి ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చెడిన నాదాన్నే కోరినప్పుడు కోరినంత పుట్టించడానికి ట్రాన్సిస్టర్లతో ఒక సర్క్యూట్ కట్టినాడు. దానిని గిబ్సన్ సంస్థ 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ అనే పేరుతో అంగడికి తెచ్చినది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం 'సాటిస్‌ఫాక్షన్' పాటలో వాడిన తరువాత దానికి గిరాకీ పెరిగినది. ఆ సంవత్సరమే లండనులో గ్యారీ హర్స్ట్ అనే ఇంజనీరు ఫజ్-టోన్‌ను ఆధారం చేసుకొని టోన్ బెండర్ రూపొందించినాడు. మరుసటి ఏడు ఫజ్ ఫేస్ వచ్చినది. దాని సర్క్యూటుకూ టోన్ బెండర్ రూపాలలో ఒకదానికీ కవలల పోలిక. కాబట్టి నకలు ఈ వృత్తికి నిన్న మొన్న పట్టిన తెగులు కాదు. ఉగ్గుపాలతో అబ్బిన అలవాటు.

తరువాతి కథ కూడ అటువంటిదే. 1970వ దశకం చివర జపానులో సుసుము టమూరా రూపొందించిన ట్యూబ్ స్క్రీమర్ ఇబానెజ్ సంస్థ పేరుమీద వెలువడినది. స్టీవీ రే వాన్ వంటి మేటి వాద్యకారుడు వాడడంతో దానికి ప్రఖ్యాతి వచ్చినది. నేడు చేతిపనితనం పేరు చెప్పి అమ్మే ప్రియమైన పెడళ్ళలో ఎన్నింటినో విప్పి చూస్తే లోపల కనిపించేది ఈ ట్యూబ్ స్క్రీమరే. ఒక డయోడు మార్చి, ఒక రెసిస్టరు పెంచి, పెట్టెకు కొత్త రంగు వేసి, కొత్త పేరు పెట్టినారు. ఇది మోసమని మేము అనబోము. వంటలో చిటికెడు ఇంగువ తేడా నాలుకకు తెలిసినట్లే ఆ మార్పు చెవికి తెలుస్తుంది. కాని తాను నకలుతో వ్యాపారం మొదలుపెట్టి, తనను మరొకడు నకలు చేసినప్పుడు ధర్మపన్నాలు వల్లించేవానిని చూస్తే నవ్వు వస్తుంది.

అందరినీ ఈ గాటనే కట్టివేయడం మాత్రం న్యాయం కాదు. బిల్ ఫినెగన్ అనే అమెరికను కథ వేరు. ఆంప్లిఫయరు సహజమైన నాదాన్ని చెడగొట్టకుండ దానికి కొంచెం పుష్టి చేకూర్చే పెడలు కావాలని ఆయన పట్టుదల. అందుకోసం మిత్రుల సహాయంతో నాలుగేండ్లకు పైగా శ్రమించి 1994లో క్లాన్ సెంటార్ అనే పెడలును తెచ్చినాడు. 9 వోల్టుల విద్యుత్తును లోపలనే హెచ్చించి వాడే ఏర్పాటు, జర్మేనియం డయోడ్ల ఎంపిక, శుద్ధనాదాన్నీ వికృతనాదాన్నీ కలిపే పద్ధతి అన్నీ ఆలోచించి కూర్చినవి. దాదాపు 8,000 పెడళ్ళను తన చేతిమీదుగా ఒక్కొక్కటే కట్టినాడు. నకలు భయంతో సర్క్యూటుమీద నల్లని జిగురు పోసి గట్టిపడనిచ్చేవాడు. ఔత్సాహికులు ఓపికతో ఆ జిగురును గీకి, లోపలి అమరికను చిత్రించి లోకానికి వెల్లడించినారు. ఆ తరువాత నకళ్ళు పుట్టగొడుగులవలె లేచినవి.

ఇందులో తప్పెవరిది? చట్టం మాట మొదట చూద్దాము. సర్క్యూట్ అనేది ఒక పని చేసే పద్ధతి. కవితకూ పాటకూ ఉండే కాపీరైటు దానికి లేదు. కావాలంటే పేటెంటు పొందవచ్చును. అమెరికాలోనైనా మన దేశంలోనైనా దాని గడువు 20 సంవత్సరాలు. గడువు తీరినదా, ఆ విద్య అందరిది. పేరు, గుర్తు, పెట్టె ఆకృతి మాత్రం వేరు. ఏ పెట్టె ఎవరి చేతినుండి వచ్చినదో కొనేవానికి తెలిపేవి అవి; వాడుకలో ఉన్నంతకాలం వాటిమీద హక్కు నిలుస్తుంది. చట్టం కూడ మన నకలుకూ నకిలీకీ నడుమనే గీత గీసినదన్నమాట.

ఐతే పేటెంటు చేతిలో ఉన్నంత మాత్రాన చిన్నవాడు బ్రతికి బట్టకట్టగలడా? రేడియో చరిత్రలోనే దీనికి ఒక విషాదమైన సమాధానం ఉన్నది. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎఫ్.ఎం. ప్రసార పద్ధతికి 1933లో పేటెంట్లు పొందినాడు. ఆర్.సి.ఎ. అనే మహాసంస్థ తన పద్ధతిని ప్రతిఫలం లేకుండ వాడుకొంటున్నదని 1948లో వ్యాజ్యం వేసినాడు. వ్యాజ్యం సాగి సాగి ఆయన ధనమూ ఆరోగ్యమూ కరిగిపోయినవి. 1954లో ప్రాణం తీసుకొన్నాడు. ఆ ఏడే ఆయన భార్య మారియన్‌తో ఆ సంస్థ రాజీపడి పది లక్షల డాలర్లకు పైగా చెల్లించినది. తక్కిన కంపెనీలతో ఆమె సాగించిన పోరాటం 1967దాక నడిచినది. ఈ ఉదంతం తెలిసినవారు 'చట్టం ఒప్పుకొన్నది గదా' అనే ఒక్క మాటతో చేతులు దులుపుకొనలేరు. హక్కు ఉన్నవానికి సైతం దానిని కాపాడుకొనే తాహతు ఉండాలి. చిన్న శాల నడిపేవానికి ఆ తాహతు ఎక్కడిది?

ఇక ఇటీవలి తగాదా. జర్మనీలో పుట్టి, చైనాలో పెద్ద కర్మాగారం నెలకొల్పుకొన్న బెరింగర్ సంస్థ 2024లో ఫినెగన్ పెడలుకు నకలు తెచ్చినది. సర్క్యూట్ ఒక్కటే తీసుకొని ఉంటే ఎవరూ మారు పలికేవారు కారేమో; అప్పటికి అటువంటి నకళ్ళు ఎన్నో ఉన్నవి. ఈ సంస్థ సెంటార్ అనే పేరునుకూడ తీసుకొన్నది. సగం మనిషి, సగం గుర్రం అయిన ఆ కిన్నరునివంటి బొమ్మనుకూడ పెట్టెమీదికి ఎక్కించినది. ఫినెగన్ మసాచుసెట్స్‌లోని ఫెడరల్ న్యాయస్థానానికి పోయినాడు. చివరకు రాజీ కుదిరి ఆ పెడలు పేరు మారినది. ఈ సంస్థకు ఇది తొలి పాఠమూ కాదు. తమ బాస్ పెడళ్ళ ఆకృతిని అనుకరించినదని రోలాండ్ సంస్థ 2005లో దావా వేసినది; అప్పుడూ రాజీయే, పెట్టెల రూపు మార్చడమే. సొమ్మొకరిది, సోకొకరిది అన్న సామెత ఇటువంటిచోట అతుకుతుంది.

ఐనా కొనేవాని వైపునుండి చూస్తే మరొక చిక్కు ఉన్నది. ఫినెగన్ స్వయంగా కట్టిన పాత సెంటార్ నేడు వేలకొలది డాలర్లు పలుకుతున్నది. అంత సొమ్ము పోసి కొన్నవాడు కళాకారుని గౌరవించినానని తృప్తిపడవచ్చును. ఆ సొమ్ములో ఒక్క కాసైనా ఫినెగన్‌కు చేరదు. చేతులు మార్చే వర్తకునికి చేరుతుంది. వెల ఎక్కువైనంత మాత్రాన కొనుగోలుకు పుణ్యం అంటదు. చేతితో కట్టినందువల్లనే ఆ నాదం వచ్చినదనే నమ్మికకూడ నిలవదు. సెంటార్ తయారీ ఆపిన తరువాత ఫినెగనే అదే సర్క్యూటును యంత్రాలమీద ఇతరులచేత చేయించి కె.టి.ఆర్. అనే పేరుతో అమ్మినాడు.

మా అభిప్రాయం దాచకుండ చెబుతాము. అర్ధ శతాబ్ది నాటి సర్క్యూటును తన సొంత పేరుతో, సొంత రూపుతో చవకగా అమ్మేవానివద్ద కొనడంలో దోషం లేదు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన మూడు వేలతో తొలి పెడలు కొనుక్కొనే విద్యార్థిని పట్టుకొని, నీవు దొంగసొత్తు కొన్నావని గద్దించడం క్రూరత్వం. కాని మరొకరి పేరును, బొమ్మను తగిలించుకొన్న పెట్టె ఎంత చవకైనా ముట్టరాదు. ఈ రెండింటి నడుమ మూడవది ఒకటున్నది. అసలు బాధ అక్కడ ఉన్నది. బ్రతికివున్న ఒక చిన్న పనివాడు కొత్త ఊహ ఒకటి పండించి, పెట్టుబడి ఇంకా తిరిగి రాకముందే, ఆ ఊహను ఒక పెద్ద కర్మాగారం ఎత్తుకొనిపోయి పదవ వంతు ధరకు అమ్మిందనుకొందాము. చట్టప్రకారం అది నకలే కావచ్చును. కొనగలిగినవాడు అప్పుడు అసలు చేసినవానివద్దనే కొనాలి. అంత శక్తి లేనివాడు కొంతకాలం ఆగాలి. శక్తి ఉండీ, ధర చూసి మాత్రమే నకలు తెచ్చుకొన్నవానికి రేపు కొత్త ఊహలు రాలేదని వాపోయే అర్హత ఉండదు.

చవక అంతా అన్యాయార్జితమనీ అనరాదు. వేలసంఖ్యలో ఒక్కసారిగా చేస్తే ఖర్చు తగ్గుతుంది. యంత్రం అతికించే చిన్న భాగాలకు కూలి తక్కువ. ఆ కర్మాగారంలో పనివారికి ముట్టేది ఎంతో పెట్టెమీద వ్రాసివుండదు. మరమ్మతు విషయంకూడ అడిగి కొనడం మంచిది. చేతితో కట్టినదాన్ని ఏ రేడియో మెకానిక్కయినా విప్పి బాగుచేయగలడు. ఆవగింజంత భాగాలతో నిండిన చవక పెట్టె చెడితే, మరమ్మతు కూలి కొత్తదాని వెలతో సమానమై కూర్చుంటుంది.

సోల్డరింగు ఇనుము పట్టగల చేతికి మరొక మార్గం ఉన్నది. మన పెద్దలు కొందరు పత్రికలలో అచ్చయిన సర్క్యూట్ పటాలు చూసి ఇంటివద్దనే రేడియోలు కట్టుకొన్నారు. పెడళ్ళకుకూడ అటువంటి పటాలూ, విడిభాగాల పొట్లాలూ ఇప్పుడు దొరుకుతున్నవి. ఇందాక చెప్పిన ఫజ్ ఫేస్ లోపల ఉన్నవి రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, త్రిప్పడానికి రెండు నాబులు. పెట్టె, మీట, తీగలు తీసివేస్తే అంతే: మొత్తం 11 భాగాలు. ఒక ఆదివారం మధ్యాహ్నం మీ అబ్బాయిచేత వాటిని కట్టించి చూడండి. అంగడిలో ఏ పెడలుకు ఎంత ఇవ్వవచ్చునో ఆ సాయంకాలానికి అతడే మీకు చెబుతాడు.