గాలిలో మాటను వెంబడించు యంత్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఇట్టి ఉత్సవములలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. కార్యదర్శిగారు మాత్రము నన్ను రేడియోను గూర్చి చెప్పుమని కోరిరి. దానికి కారణము కలదు. ఈ గ్రామమునుండి పరీక్షల చదువులకై హైదరాబాదు వచ్చి అశోక్‌నగరు గదులలో నుండు కుర్రవాండ్రు కొందరు దోమలగూడలో మా యింటికి వచ్చి యొక ప్రశ్న వేసిరి. అమెరికాలోని బంధువు లొకరు చేతిలో నిముడు రేడియో స్కానరు నొకదానిని పంపుదురట. దానితో పోలీసులును, అగ్నిమాపక దళమువారును మాటలాడుకొనునది వినవచ్చునట. దానిని సిద్ధపరచుట యెట్లు? ఇదియే ప్రశ్న. వారికి నేనిచ్చిన సమాధానము మీ రందరును వినదగినదని కార్యదర్శిగారు తలచిరి.

పెద్దలకు ట్రంకుకాలు జ్ఞాపకముండును. పోస్టాఫీసునకు పోయి, నంబరు వ్రాసియిచ్చి, బల్లమీద కూర్చుండి, పిలుపు వచ్చుదాక ఎదురుచూచు దినములవి. రెండు పట్టణముల నడుమ ఉన్న తీగలు కొన్నియే, మాటలాడగోరువారు పెక్కురు. ఏ తీగయు ఏ యొక్కరి సొత్తును కాదు. ఖాళీ యైన తీగను ఆపరేటరు వరుసలోని మొదటివారికి తగిలించును. వారి మాట ముగియగనే మరియొకరికి. కొలది తీగలను పెక్కుమంది పంచుకొను ఈ పద్ధతికే ట్రంకింగు అని పేరు. దీనికి గణితము కట్టినవాడు డెన్మార్కు దేశస్థుడగు ఎర్లాంగు. కోపెన్‌హాగను టెలిఫోను కంపెనీలో పనిచేయుచు ఆయన 1909లో తన మొదటి వ్యాసమును ప్రకటించెను.

ఆ గణితమును మన యూరి లెక్కలో చూడుడు. ఐదు శాఖలున్నవనుకొందము: పోలీసు, అగ్నిమాపక, నీటి సరఫరా, విద్యుత్తు, ఆసుపత్రి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వైర్‌లెస్సు చానెలు నిచ్చితిమి. ఒక్కొక్క శాఖవారి మాటల భారము గంటకు పండ్రెండు నిమిషములు. అప్పుడు మాటలాడవలెనని మీట నొక్కినవానికి దారి దొరకకపోవుట సుమారు ఆరింట నొకమారు. ఇప్పుడా ఐదు చానెళ్లను ఉమ్మడి చేసి, అందొకదానిని పెత్తనమునకు విడిచి, మిగిలిన నాల్గింటిని అందరికిని పంచితిమి. దారి దొరకకపోవుట వందకు ఒకటిన్నరకు దిగును. ఒక చానెలును పోగొట్టుకొనియు ఇంత లాభము! ఇల్లు తగులబడుచుండగా మీట నొక్కినవానికి ఈ భేదము చిన్నది కాదు.

పెత్తనమునకు విడిచిన ఆ చానెలే ఈ వ్యవస్థకు ప్రాణము. దానిని కంట్రోలు చానెలందురు. బండ్ల అడ్డాలో మేస్త్రీ యుండును గదా. తాను బండి తోలడు. "నాల్గవ బండి పెండ్లివారికి, రెండవ బండి మిల్లుకు" అని కేకలువేయుటయే వాని పని. కంట్రోలు చానెలులో మనుష్యుల మాట వినబడదు. సంకేతములు మాత్రమే రంపపుకోతవలె ఆగక సాగుచుండును. పాత మోటరోలా వ్యవస్థలలో క్షణమునకు 3600 సంకేతములు. పి-25 అను పద్ధతిలో 9600. "ఫలాని సంఖ్యగల జట్టువారు ఫలాని చానెలునకు పోవలయును" అని ఆ సంకేతములు చెప్పును. జట్టులోని వాకీటాకీలన్నియు కనురెప్ప పాటులో ఆ చానెలునకు మారును. మాట్లాడువానికి ఈ మార్పు తెలియనే తెలియదు.

వెనుకటి స్కానరు ఎరుగనిది ఈ మేస్త్రీనే. అది చానెళ్ల పట్టికను వరుసగా తడవుచు శబ్దమున్నచోట నాగును. ఒక శాఖకు ఒక చానెలైన కాలమున అది చాలును. ట్రంకు వ్యవస్థ వచ్చినపిదప అది వట్టి గందరగోళము: నిప్పు మాటకు ప్రశ్న వినబడును, జవాబుగా నీళ్ల లారీ డ్రైవరు పలుకును. నాల్గవ బండి చెంతనే నిలిచినవానికి నేడు పెండ్లివారు, రేపు వడ్లబస్తాలు కనబడినట్లు. అడ్డా సంగతి తెలియవలెనన్న మేస్త్రీ చెంత కూర్చుండవలెను. అట్లు కూర్చుండజాలిన మొదటి చేతి స్కానరును యూనిడెను కంపెనీవారు 1997లో అమ్మకమునకు తెచ్చిరి.

ఇక సిద్ధపరచుట. దీనిని కుర్రవాండ్రు మంత్రమని తలంతురు. నిజమునకు ఇది పద్దులు వ్రాయుటవంటిది. ఓపిక యున్నవాడు ఒక పూటలో నేర్చును. ముందుగా ఆ వ్యవస్థ ఏ జాతిదో తెలిసికొనవలెను. జాతి తప్పినచో తక్కినవన్నియు సరిగా నున్నను యంత్రము మూగవలె నుండును. పి-25 జాతికి కంట్రోలు చానెలు యొక్క తరంగసంఖ్య నిచ్చిన చాలును. మిగిలిన చానెళ్లను అదియే చెప్పును. ఎడాక్సు అను పాతజాతికట్లు కాదు. చానెళ్లన్నింటిని, వాని వరుససంఖ్యలతోకూడ, క్రమము తప్పక వ్రాయవలెను. మూడవదానిచోట నాల్గవది పడెనా, యంత్రము ఒకరిని వెదకబోయి వేరొకరి గుమ్మములో నిలుచును. కంట్రోలు చానెలు దినమునకొకటిగా మారు వ్యవస్థలును కలవు. కావున దానికి బదులుండదగిన చానెళ్లనుగూడ చేర్చుట మంచిది.

తరువాత జట్లు. పి-25లో జట్టుసంఖ్యకు పదునారు బిట్లు. అనగా అరువదియైదు వేలకు పైబడి సంఖ్యలకు చోటుండును. ఇందేది అగ్నిమాపకమో, ఏది రోడ్లు ఊడ్చువారిదో యంత్రమునకు తెలియదు. మీరు పేరు పెట్టిననే దానికి పేరు. నా అభిప్రాయములో మొదటి వారము దినములు యంత్రమును అన్ని జట్లను పట్టురీతిలో నుంచి, ప్రక్కన నోటుపుస్తకము పెట్టుకొని, ఏ సంఖ్యలో ఏమి వినబడెనో, ఏ వేళ వినబడెనో వ్రాసికొనవలెను. ఇతరులు చేసిన పట్టికను గుడ్డిగా ఎక్కించుకొన్నవానికంటె ఇట్లు వ్రాసికొన్నవానికి ఆ పట్టణము బాగుగా తెలియును. పిదప కావలసిన జట్లనే యుంచి, అక్కరలేనివానికి తాళము వేయవలెను. ఒకరి మాట ముగిసినతోడనే యంత్రము దాటిపోకుండ రెండు క్షణముల వ్యవధి నుంచవలెను. లేనియెడల ప్రశ్నలన్నియు వినబడును, జవాబులన్నియు పోవును.

అన్నియు సరిగా వ్రాసినను మాట ముక్కలుముక్కలుగా వచ్చు సందర్భ మొకటి గలదు. దానికి యంత్రము నమ్మినవానిని దూషించువారిని చూచితిని; అది అన్యాయము. పెద్ద పట్టణములలో నాలుగైదు టవర్లు ఒకే మాటను, ఒకే తరంగసంఖ్యపై, ఒకేమారు ప్రసారము చేయును. తిరునాళ్లలో వీధికి ఆ కొసన నొకటి, ఈ కొసన నొకటి మైకులు కట్టినప్పుడు నడిమధ్య నిలుచున్నవానికి హరికథ రెండు గొంతులతో వినబడును గదా, ఇదియు నట్టిదే. దూరపు టవరు మాట అణుమాత్రము ఆలస్యముగా వచ్చి దగ్గరి టవరు మాటను చెరచును. యంత్రమును పదిగజములు జరిపినను, ఏరియలును పొట్టిది చేసినను ఒక్కొక్కప్పుడు బాగుపడును. ఈ చిక్కును దృష్టియందుంచుకొనియే యూనిడెనువారు 2018లో ఎస్.డి.ఎస్. 100 అను చేతి స్కానరును చేసిరి.

ఇంతవరకు చెప్పినది అమెరికా సంగతి. అచ్చట ఇట్టి మాటలు వినుట సామాన్యముగా నేరము కాదు. సెల్‌ఫోను మాటలు మాత్రము వినరాదు. తుపాను వచ్చినను, అడవి తగులబడినను టెక్సాసులోను, కాలిఫోర్నియాలోను నివసించు మన తెలుగువారు తమ వీధికి అపాయము ఎంత దూరములో నున్నదో దీనివలన తెలిసికొనవచ్చును. కాని ఆ యంత్రమునే పెట్టెలో పెట్టుకొని శంషాబాదులో దిగిన కుర్రవాని పరిస్థితి వేరు.

మన దేశమున 1933లో చేసిన వైర్‌లెస్సు టెలిగ్రాఫీ చట్టము వైర్‌లెస్సు యంత్రమును లైసెన్సు లేక కలిగియుండుటయే నేరమనెను. పాటలు వినుటకైన రేడియోకు పోస్టాఫీసులో ఏటేట రుసుము కట్టి, చిన్న పుస్తకములో ముద్ర వేయించుకొన్న పెద్దలు ఈ సభలో ఉండియేయుందురు. ఆ రుసుము 1980 దశకములో పోయినది. పాత చట్టముల స్థానమున నిలుచుటకై 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టము వచ్చెను. దానిలోని 42వ విభాగము 2024 జూను 26నుండి అమలులోనికి వచ్చినది. అన్యుల వార్తను అక్రమముగా నడుమ పట్టినవానికి మూడేండ్ల వరకు కారాగారమో, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చునని అందున్నది. ఉద్యోగపరీక్షకు చదువుకొను కుర్రవానికి మూడేండ్లును అక్కరలేదు; పేరుపై కేసొకటి యున్న చాలును, వాని చదువంతయు వ్యర్థము. కావున నేను వారితో ఆ యంత్రమును పంపవద్దని బంధువులకు వ్రాయుమంటిని.

అందొకడు నన్ను విడువక, "ప్రభుత్వము మాట ప్రజలు వినిన తప్పేమి?" అనెను. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. అంబులెన్సులోని రోగి పేరును, అతని వ్యాధిని వీధివారు వినుట తప్పు. దొంగను వెంబడించు పోలీసుల మాట దొంగ చెవిని పడుట తప్పు. ఏటికి గండి పడెనా, ఏ గేటులెత్తిరి, ఏ దారి మునిగెను అన్నవి మాత్రము కప్పిపుచ్చదగినవి కావు. వానిని ప్రజలకు వెంటనే చెప్పుట అధికారుల ధర్మము. చెప్పనిచో అడుగవలెను, పత్రికలకు వ్రాయవలెను. చాటున చెవి పెట్టుట దానికి మార్గము కాదు.

చాటున చెవి పెట్టినను వినబడునది స్వల్పమే. దోమలగూడకు కూతవేటు దూరమున చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషనులు 2020 ఫిబ్రవరి 7న తెరువబడెను. మన దేశపు మెట్రోలలో వాడుకయందున్నది టెట్రా అను ఐరోపా పద్ధతి. ఒక్క 25 కిలోహెర్ట్జుల బాటను కాలభేదముచే నాలుగు పాళ్లుగా పంచి నలుగురిచే మాటలాడించును. నేను చెప్పిన అమెరికా స్కానరులకు ఆ భాష రాదు. దానిపై సంకేతలిపి తాళము వేసికొనుటకును వీలున్నది. తాళములన్నియు గట్టివి కావనుట వేరు సంగతి. టెట్రా తాళములలో నొకదానికి ఎనుబది బిట్ల తాళపుచెవి యున్నదని చెప్పగా, అది నిజమునకు ముప్పదిరెండు బిట్లదేనని డచ్చి పరిశోధకులు 2023లో బయటపెట్టిరి. తాళము చేసినవాడే దాని గుట్టు దాచిన గతి ఇట్లే యుండును.

ట్రంకు వ్యవస్థకు మరియొక బలహీనత గలదు. టవరు నిలిచినంతవరకే దాని తెలివి. మేస్త్రీ పడిపోయిన అడ్డాలో బండ్లున్నను పంచువాడుండడు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు తీగలు, స్తంభములు నిలువలేదని పెద్దలెరుగుదురు. అట్టివేళ ఆదుకొనునది తెలివితక్కువ రేడియోయే: ఒక పెట్టె, ఒక బ్యాటరీ, ఒక తీగ, మాటలాడ నేర్చిన మనుష్యుడు. 1983లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థవారి బృందము 2004 డిసెంబరులో అండమానులో నుండగా 26వ తేదీన సునామీ వచ్చెను. ఆ బృందములోని శ్రీమతి భారతీప్రసాదుగారు పోర్టుబ్లెయిరునుండి దినములతరబడి క్షేమవార్తలను అందించిరి. ఆ మాటలకు తాళము లేదు, ట్రంకింగు లేదు. ఎవరైనను వినవచ్చును, వినవలెననియే పలికిన మాటలవి.

కుర్రవాండ్రకు నేను చూపిన దారి యిదియే. అమెచ్యూరు లైసెన్సునకు పండ్రెండేండ్లు నిండిన చాలును. రెండు తరగతులున్నవి, క్రింది తరగతికి మోర్సు అక్కరలేదు. విద్యుత్తునకు, రేడియోకు సంబంధించిన ప్రాథమిక పాఠములును, నియమావళియు చదువవలెను. వేలకొలది ప్రశ్నలు కంఠస్థము చేయుచున్న అశోక్‌నగరు విద్యార్థులకు ఇది ఒక ఆదివారపు పని. లైసెన్సు చేతికి వచ్చిన పిదప 145.800 మెగాహెర్ట్జులపై అంతర్జాతీయ రోదసి కేంద్రము మన తలపై సాగునపుడు చెవి యొగ్గవచ్చును. ఒక దిక్కున పైకి వచ్చి వేరొకదిక్కున దిగిపోవుటకు దానికి పది నిమిషములు పట్టును. వచ్చునపుడు తరంగసంఖ్య మూడు కిలోహెర్ట్జుల పైనను, పోవునపుడు అంత క్రిందను ఉండును; ఎదురుగా వచ్చి దాటిపోవు రైలు కూత మారినట్లే. బడిపిల్లల ప్రశ్నలకు అందలి వ్యోమగాములు బదులు చెప్పు దినములును కలవు.

ఆ పరీక్షకు వలయు పుస్తకములు రెండింటిని తెచ్చితిని. వానిని కార్యదర్శిగారికి అప్పగించుచున్నాను. చందాదారులు వరుసగా తీసికొనవచ్చును. ఎవరైనను ప్రశ్నలడుగదలచినచో అధ్యక్షులవారి అనుమతితో బదులు చెప్పుదును.