జీ.ఓ. రాని జుట్టు మందు

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ప్రభుత్వ ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. రక్తపోటు గురించి, షుగర్ గురించి ఇదివరలో డాక్టర్లే వచ్చి చెప్పారు. మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పడానికి ఈ హాల్లో నాకన్నా అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు. అందుచేత నేను బట్టతల గురించి మాట్లాడదలచుకున్నాను. మోకాలికీ బోడిగుండుకూ ముడి వేస్తున్నాడని అనుకోకండి. ఈ వయసులో మనకు జుట్టెందుకని మీరు నవ్వవచ్చు. మనకు అక్కరలేదు. కానీ మన ఇళ్ళల్లో పాతికేళ్ళ పిల్లలున్నారు. వాళ్ళ జీతాలూ, కొన్ని ఇళ్ళల్లో మన పెన్షన్లూ కూడా ఈ దారినే పోతున్నాయి.

మా పెద్దమ్మాయి కొడుక్కి ఇరవై ఏడేళ్ళు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ళుగా సంబంధాలు చూస్తున్నాం. ఉద్యోగం ఇంటర్వ్యూలకు బెదరని కుర్రాడు పెళ్ళిచూపులంటే వెనక్కి తగ్గుతున్నాడు. బయోడేటాకు ఫోటో అడిగితే టోపీ పెట్టుకున్న ఫోటో పంపాడు. మొన్న దసరాకు వచ్చినప్పుడు ఒక చిన్న వెండిరంగు పొట్లం నా చేతిలో పెట్టి, "తాతయ్యా, నువ్వు కాంపౌండర్‌గా చేశావు కదా, దీన్ని ద్రావణంగా ఎలా కలపాలో చెప్పు" అన్నాడు. విదేశం నుంచి తెప్పించాడట. దాని మీద ఇంగ్లీషులో, పరిశోధనకు మాత్రమే, మనుషులు వాడరాదు అని రాసి ఉంది.

"ఇదేమిట్రా?" అన్నాను.

"పీపీ405 అని కొత్త మందు, తాతయ్యా. నిద్రపోతున్న వెంట్రుక కుదుళ్ళను లేపుతుందట. ఇంకా మార్కెట్లోకి రాలేదు. అది వచ్చేదాకా ఆగితే నాకు ముప్పై దాటుతాయి."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే, ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి మీకు చెప్పాలి.

1976లో నేను గుంటూరు జిల్లాలో ఒక తాలూకా ఆసుపత్రిలో కాంపౌండర్‌ని. ఇరవై ఎనిమిదేళ్ళకే నా నడినెత్తి కనబడసాగింది. ఆ ఏడు తిరునాళ్ళలో ఒకతను గుడ్డ పరచి ఎర్రటి నూనె సీసాలు అమ్ముతున్నాడు. మూడు సీసాలు వాడితే నెత్తి నిండా జుట్టు అన్నాడు. నేను మూత తీసి వాసన చూశాను. ఆముదం. రంగు కోసం ఏదో వేరు కాచి కలిపాడు. రోజూ మందులు కలిపే చేతులు నావి, నాకు తెలియక కాదు. తెలిసీ మూడు సీసాలూ కొన్నాను. నెల జీతంలో మూడో వంతు అయింది. ఆసుపత్రి స్టోరు రూములో దాచుకుని, డ్యూటీ దిగాక రాసుకునేవాడిని. చివరికి దిండు గలీబు మరకలు చూసి మా ఆవిడ పట్టేసింది. కేకలు వేయలేదు. "ఆ డబ్బుతో పెద్దదానికి చెప్పులు వచ్చేవి" అంది, అంతే. ఆ పెద్దదాని కొడుకే ఇప్పుడు పొట్లం తెచ్చినవాడు.

కనుక మిత్రులారా, చదువు లేకనే జనం మోసపోతారని నేను అనను. ఆశ ఉన్నచోట చదువు కాస్త పక్కకు జరిగి కూర్చుంటుంది. తిరుమలలో తలనీలాలు ఇచ్చేటప్పుడు మనం బాధపడం, ఎందుకు? మళ్ళీ వస్తాయని తెలుసు గనుక. రానిదాని కోసమే మనిషి సంచీ విప్పుతాడు.

ఇక మందుల సంగతికి వస్తాను. మగవారి మామూలు బట్టతలకు ప్రపంచంలో ఎక్కువగా వాడుతున్న మందులు రెండు. రెండూ వేరే జబ్బుల కోసం చేసినవే. మొదటిది మినాక్సిడిల్. అది రక్తపోటు మాత్ర. 1979లో అమెరికాలో అనుమతి పొందింది. మింగినవారికి రక్తపోటు తగ్గడంతో పాటు ముఖాన, చేతుల మీద వెంట్రుకలు మొలిచాయి. దాన్నే తలకు రాసే ద్రావణంగా చేసి 1988లో అనుమతి తెచ్చుకున్నారు. రెండవది ఫినాస్టెరైడ్. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల మగవారిలో డీహెచ్‌టీ అనే హార్మోను పుట్టుకతోనే తక్కువ. వారికి ప్రోస్టేటు గ్రంథి పెరగలేదు, బట్టతలా రాలేదు. 1974లో వెలువడిన ఈ పరిశీలన ఆ మందుకు దారి చూపింది. 1992లో ప్రోస్టేటు కోసం 5 మిల్లీగ్రాముల మాత్రగానూ, 1997లో జుట్టు కోసం 1 మిల్లీగ్రాము మాత్రగానూ వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఈ హాల్లో ప్రోస్టేటు కోసం ఫినాస్టెరైడ్ వేసుకునేవారు కొందరైనా ఉంటారు. మీరు పీఎస్ఏ రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు ఆ సంగతి డాక్టరు గారికి తప్పక చెప్పండి. ఆ మందు పీఎస్ఏ అంకెను సుమారు సగానికి తగ్గిస్తుంది. చెప్పకపోతే ఉన్న జబ్బు లేనట్టు కనబడవచ్చు. అలాగే ఇంట్లో గర్భిణి ఉంటే ఆ మాత్ర నలిగిన పొడి ఆమె చేతికి తగలనీయకండి.

ఈ రెండు మందులూ పనిచేస్తాయి, కొందరికి బాగా, కొందరికి అంతంతమాత్రంగా. ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది. ఆపితే నిలిచిన జుట్టు మళ్ళీ పోతుంది. మనం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ లాంటిదే, ఇవ్వడం మానేస్తే వచ్చేది ఆగిపోతుంది. పైగా ఫినాస్టెరైడ్‌తో కొందరికి దాంపత్య సంబంధమైన ఇబ్బందులు, మనసు కుంగడం కూడా ఉంటాయి. అందుకే కుర్రవాళ్ళు కొత్త మందు కోసం ఎదురుచూస్తున్నారు. అది తప్పు కాదు.

ఇప్పుడు ఆ కొత్త మందులు ఎంతవరకు వచ్చాయో చూద్దాం. మన భాషలో చెబుతాను. పీఆర్సీ ఎలా వస్తుంది? కమిటీ వేశారని ఒక వార్త. నివేదిక ఇచ్చిందని మరో వార్త. మంత్రివర్గం ఆమోదించిందని ఇంకో వార్త. ఆ తరువాత జీ.ఓ., ఆ తరువాత ట్రెజరీ, ఆఖరికి మన పాస్‌బుక్కు. మొదటి వార్త చూసి అరియర్స్ లెక్క కట్టి అప్పు చేసినవాడి గతి మనకు తెలుసు. మందుకూ అంతే. మొదటి దశలో హాని చేస్తుందా అని కొద్దిమంది మీద చూస్తారు. రెండవ దశలో పనిచేసే సూచన ఉందా, ఎంత మోతాదు అని చూస్తారు. మూడవ దశలో ఎక్కువమందిని తీసుకుని, కొందరికి అసలు మందు, కొందరికి మందు లేని ద్రవం ఇచ్చి, ఎవరికి ఏది అందిందో తెలియనీయకుండా పోలుస్తారు. ఆపైన ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి. అదే జీ.ఓ.

మా మనవడి పీపీ405 సంగతి చూడండి. దాని మూలం 2017లో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు ఎలుకల మీద చేసిన పరిశోధన. 2025 జూన్‌లో రెండవ దశలోని మొదటి భాగం ఫలితాలు ప్రకటించారు. పాల్గొన్నవారు 78 మంది. మన హాల్లో ఇప్పుడు కూర్చున్నవారే అంతకన్నా ఎక్కువ. జుట్టు బాగా పలచబడిన మగవారిలో 31 శాతం మందికి ఎనిమిదో వారానికి వెంట్రుకల సాంద్రత 20 శాతానికి పైగా పెరిగింది. మందు లేని ద్రవం రాసుకున్నవారిలో ఒక్కరికీ అంత పెరగలేదు. ఇది మంచి వార్తే, కాదనను. కానీ తల వెంట్రుక ఒక్కటి పెరిగే కాలమే రెండు నుంచి ఆరేళ్ళు. ఎనిమిది వారాలు చూసి జీవితకాలం లెక్క కట్టలేం.

రెండవది క్లాస్కోటెరోన్. వెంట్రుక కుదురులో డీహెచ్‌టీ దూరే తాళంకప్పలో ఇది ముందే దూరి అడ్డం కూర్చుంటుంది. మొటిమలకు ఒక శాతం క్రీముగా 2020లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. జుట్టు కోసం 5 శాతం ద్రావణంతో 1,465 మంది మగవారి మీద మూడవ దశ పరీక్షలు రెండు జరిపి, 2025 డిసెంబరులో ఫలితాలు ప్రకటించారు. 539 శాతం మెరుగుదల అని శీర్షికలు వచ్చాయి. మా మనవడు ఫోన్ చేసి మరీ చదివి వినిపించాడు. 539 శాతం అంటే తలకాయ నిండిపోయిందని కాదు. మందు లేని ద్రవం రాసుకున్నవారికి వచ్చినదానితో పోల్చి చెప్పిన లెక్క అది. మీకు డీఏ రూపాయి పెరిగి, నాకు ఆరు రూపాయల ముప్పై తొమ్మిది పైసలు పెరిగితే నాది 539 శాతం ఎక్కువే, కానీ దానితో కూతురి పెళ్ళి కాదు. అదే మందుకు రెండవ పరీక్షలో ఆ అంకె 168. శాతం చెప్పినవాణ్ణి, దేనిలో శాతమని అడగాలి. ముప్పై ఏళ్ళు బిల్లులు రాసినవాళ్ళం, ఆ మాత్రం అడగలేమా?

మూడవ దశకు వచ్చాక బోల్తా పడినవీ ఉన్నాయి. పైరిలుటమైడ్ అనే పూతమందు మీద కుర్రవాళ్ళు ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. 2023లో చైనాలో జరిగిన మూడవ దశలో, మందు లేని ద్రవానికీ దానికీ లెక్కకు నిలిచే తేడా రాలేదు. మరి ఎదురుచూపు ఫలించిన ఉదాహరణ లేదా అంటే ఉంది. పేనుకొరుకుడు అని మనం పిలిచే జబ్బులో జుట్టు బిళ్ళలు బిళ్ళలుగా ఊడుతుంది, కొందరికి తల మొత్తం పోతుంది. ఎన్నో ఏళ్ళు దానికి అనుమతి పొందిన మాత్రే లేదు. 2022 జూన్‌లో తీవ్రమైన పేనుకొరుకుడుకు బారిసిటినిబ్‌ను అమెరికా ఆమోదించింది. ఆ తరువాత మరి రెండు వచ్చాయి. మామూలు బట్టతలకు అవి పనికిరావు, డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడరాదు. అయినా, రాదనుకున్నది వచ్చింది. కాబట్టి పిల్లలతో "ఇవన్నీ దొంగ మందులు" అని ఒక్క మాటతో కొట్టిపారేయకండి. అది నిజం కాదు, వాళ్ళు మన మాట వినడం కూడా మానేస్తారు.

మన దేశంలో 1945 నాటి ఔషధ నిబంధనల్లో షెడ్యూల్ జె అని ఒకటి ఉంది. ఫలానా జబ్బులను నయం చేస్తామని మందుల మీద చెప్పుకోకూడదని ఒక పట్టిక. బట్టతల అందులో ఉంది. గ్యారంటీగా జుట్టు మొలిపిస్తామని చెప్పేవాడు కనబడితే, ఆ పేరు మనసులో తలుచుకుని ముందుకు నడవండి.

మా మనవడి కథ ముగిస్తాను. పొట్లం కలపనన్నాను. "నీకేం తాతయ్యా, నీకు పెళ్ళయి యాభై ఏళ్ళు దాటింది" అన్నాడు. నిజమే కదా! నా దగ్గర జవాబు లేదు. అప్పుడు వాడికి ఆముదం సీసాల కథ చెప్పాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చెప్పుల సంగతి కూడా కలిపింది. వాడు చాలాసేపు నవ్వాడు. ఆ తరువాత నెమ్మదిగా, "నువ్వు కొన్నది ఆముదం, తాతయ్యా. ఇందులో ఏముందో నాకే తెలియదు" అన్నాడు.

మర్నాడు ఇద్దరం చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్ళాం. ఆయన తల పరీక్షించి, మంచిచెడ్డలు రెండూ చెప్పి, ఉన్న మందే రాశారు. ఆరు నెలలు చూద్దామన్నారు. పొట్లం మాత్రం వాడు పారేయలేదు, నేను పారేయమనలేదు. నా బీరువాలో, పెన్షన్ కాగితాల పక్కన పెట్టాం. అసలు మందుకు అనుమతి వచ్చిన రోజున దీన్ని చెత్తబుట్టలో వేసి, మందుల షాపులో సీసా కొనుక్కోవాలని ఒప్పందం. మొదటి సీసా డబ్బు నేనిస్తానన్నాను. 1976 బాకీ ఒకటి అలా తీరుతుంది. వారం క్రితం టోపీ లేని ఫోటో పంపాడు. బాగున్నాడు.

కమ్యూట్ చేసిన పెన్షన్ తిరిగి కలవడానికి పదిహేనేళ్ళు ఎదురుచూసినవాళ్ళం మనం. ఎదురుచూడటం మనకు వచ్చిన విద్య. దాన్ని పిల్లలకు ఎగతాళిగా కాక, పక్కన కూర్చుని నేర్పుదాం.