కొత్త లేఅవుట్లలో నడవడానికి చోటు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది గ్రాట్యుటీ, కమ్యూటేషన్ సొమ్ముతో ఊరి చివర వెంచర్లలో స్థలాలు కొన్నవారే, లేదా పిల్లల చేత కొనిపిస్తున్నవారే. కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూస్తాం, ఈసీ తీయిస్తాం, వాస్తు చూపిస్తాం. రోడ్డు 40 అడుగులనగానే తృప్తిపడతాం. అందులో మనిషి నడిచే భాగమెంత అని మాత్రం అడగం. డాక్టరుగారు రోజూ అరగంట నడవమంటారు గాని, ఎక్కడ నడవాలో ఆయనా చెప్పరు.

ఇంజనీరింగ్ శాఖలో పనిచేసినవాణ్ణి గనుక కొలతలు చెబుతాను, విసుక్కోకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరడుగులు, ఉండాలి. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు మించరాదు. మన మోకాళ్లకు ఈ రెండో అంకే ముఖ్యం. మురుగు కాలువ మీద పలకలు పరిచి, అడుగున్నర ఎత్తున అరుగులా కట్టి, ఫుట్‌పాత్ అంటే ఎక్కేదెవరు?

చోటు లేదంటారు. లెక్క చూడండి. 40 అడుగులంటే 12 మీటర్లు. రెండు పక్కలా 1.8 చొప్పున తీసినా 8.4 మీటర్లు మిగులుతుంది. చెట్లకు, కరెంటు స్తంభాలకు కొంత పోయినా రెండు కార్లు సుఖంగా తప్పుకుంటాయి. చోటుంది, కేటాయింపే లేదు. ఇళ్లు లేచాక ఎవరి గేటు ముందు వారు ర్యాంపు పోసుకుంటారు, మెట్లు కట్టుకుంటారు. ఆ తర్వాత ఎవరినీ అనలేం, ఇరుగుపొరుగు కదా! మా కాలనీలో జరిగింది అదే. స్కూటర్ల మధ్య నడవలేక మా ఆవిడ సాయంత్రం గుడికి వెళ్లడం మానుకుంది.

అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద పౌరుని హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే 14న స్పష్టం చేసింది. మంచిదే. అయితే అందరి ర్యాంపులూ కొట్టించడం కన్నా ముందే అడగడం తేలిక. లేఅవుట్ వేసే వ్యక్తి పనులు పూర్తిచేసేవరకు కొన్ని ప్లాట్లను, సాధారణంగా 15 శాతం, అనుమతిచ్చే సంస్థ తనఖా పెట్టుకుంటుంది. ఆ తనఖా విడుదలయ్యేలోగానే మన మాటకు విలువ. కొనేవారు నలుగురు కలిసి రోడ్డు అడ్డుకోత నక్షా అడగండి. అందులో ఫుట్‌పాత్ గీసి ఉందా, వెడల్పు, ఎత్తు రాసి ఉన్నాయా చూడండి. లేకపోతే అనుమతిచ్చే కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి. రసీదు విలువ మనకు ఒకరు చెప్పాలా?

నక్షా చదవడం ఇబ్బందనుకునేవారు కాపీ తీసుకుని ఏ ఆదివారం ఉదయమైనా సంఘం కార్యాలయానికి రండి. స్కేలు పట్టుకుని నేనుంటాను. సెలవు.