పాత కంప్యూటరును పారవేయవలెనా?



కొన్న వస్తువు చెడిపోకముందే "ఇక ఇది పనికిరాదు" అని ఎవరైనను చెప్పినచో మన గృహస్థులు సులభముగా ఒప్పుకొనరు. బిందెకు సొట్ట పడినచో తీయింతురు. కుట్టుమిషను బిగిసినచో నూనె వేయుదురు. పరుపు అణగినచో దూది ఏకించి మరల కుట్టింతురు. అట్టి ఇండ్లలోనికి 2025వ సంవత్సరమున ఒక విచిత్రమైన వార్త వచ్చినది. మైక్రోసాఫ్టు కంపెనీవారు విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు సాధారణ సంరక్షణను ఆ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో ముగించిరి. దాని తరువాతిదైన విండోస్ 11 అంతకు నాలుగేండ్ల పూర్వమే, అనగా 2021 అక్టోబరు 5న వెలువడినది. కాని అది పాత యంత్రములలో చాలవానిని అంగీకరింపదు. బాగుగా నడచుచున్న యంత్రము ఒక తేదీ దాటగానే దిక్కులేనిది అయినది. దానిని ఏమి చేయవలెను? ఈ ప్రశ్ననే ఈనాటి ప్రసంగమున విచారింతము.

ముందుగా ఆపరేటింగ్ సిస్టమ్ అన నేమో తెలిసికొందము. పెండ్లియింట వంటవారు, మేళగాండ్రు, పందిరి వేయువారు ఎవరి పని వారికి తెలియును. అయినను ఎవరు ఎప్పుడు ఏది చేయవలెనో చెప్పు పెత్తనదారు ఒకడు లేనిచో ముహూర్తము దాటిపోవును. కంప్యూటరులో లెక్క చేయు ప్రాసెసరు, జ్ఞాపకముంచుకొను మెమరీ, దాచిపెట్టు డిస్కు, చూపు తెర, వ్రాయు మీటలు వేరువేరుగా ఉండును. వీనినన్నిటిని ఒక దారిని నడుపు పెత్తనదారుయే ఆపరేటింగ్ సిస్టమ్. అది యంత్రములోని భాగము కాదు. దానిలో నెలకొల్పబడిన ఆజ్ఞల సముదాయము. కావున యంత్రము మారకయే పెత్తనదారుని మార్చుట సాధ్యమగును. మన ఆశ అంతయు ఈ ఒక్క సత్యము మీదనే ఆధారపడి యున్నది.

విండోస్ 11 కోరు అర్హతలు ఇవి: నాలుగు జి.బి. మెమరీ, అరువదినాలుగు జి.బి. డిస్కు, సెక్యూర్ బూట్ అను రక్షణ సౌకర్యము, రహస్యపు తాళపుచెవులను భద్రపరచు టి.పి.ఎం. 2.0, అన్నిటికంటె ముఖ్యముగా కంపెనీవారి జాబితాలో పేరున్న ప్రాసెసరు. స్థూలముగా చెప్పినచో ఇంటెల్ వారి ఎనిమిదవ తరము, ఎ.ఎం.డి. వారి రైజెన్ రెండువేల వరుస మొదలుకొని మాత్రమే ఆ జాబితాలో చోటు దొరకినది. అనగా 2017వ సంవత్సరమునకు పూర్వపు యంత్రములు దాదాపు అన్నియు బయటనే నిలిచినవి. ఇచ్చట ఒక హెచ్చరిక. కొన్ని యంత్రములలో టి.పి.ఎం.గాని, సెక్యూర్ బూట్‌గాని ఉండియు, కొన్ననాటినుండి మూసివేయబడి యుండును. యంత్రపు ప్రాథమిక అమరికలలో వానిని తెరచినంతనే అర్హత కలుగవచ్చును. కావున నిరాశ పడకముందు ఆ పరీక్ష చేయించుట మంచిది.

"సంరక్షణ లేకున్న నేమి? యంత్రము నడచుచునే యున్నదిగదా!" అని కొందరు అడుగుదురు. నడచును, సందేహము లేదు. కాని ఆపరేటింగ్ సిస్టములో లోపములు నిత్యము బయటపడుచుండును. కంపెనీవారు నెలనెలా పంపు సవరణలు ఆ కంతలను పూడ్చుచుండును. సవరణలు ఆగిన పిమ్మట కంతలు కంతలుగానే నిలిచియుండును. దొంగలకు మాత్రము వాని చిరునామా తెలియును. 2017 మే 12న వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము సుమారు 150 దేశములలో కంప్యూటర్లలోని పత్రములకు తాళము వేసి, తీయుటకు డబ్బు అడిగినది. ఇంగ్లండులోని ఆసుపత్రులును, మన ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లును దాని వాత పడినవి. ఆ లోపమునకు సవరణ అదే సంవత్సరము మార్చిలోనే వచ్చియుండెను. దానిని వేసికొననివారు నష్టపోయిరి. విండోస్ ఎక్స్.పి.కి సంరక్షణ 2014 ఏప్రిల్ 8తోనే ముగిసియుండుటచే, దానికి దాడి జరిగిన పిమ్మటగాని సవరణ అందలేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనగా ఇదియే.

ఇప్పుడు మన ముందున్న మార్గములు మూడు.

మొదటిది, గడువు పెంచుకొనుట. ఇండ్లలోని విండోస్ 10 యంత్రములకు, నమోదు చేసికొన్నవారికి, 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు ఇచ్చునట్లు మైక్రోసాఫ్టువారు ప్రకటించిరి. ఇది ఊపిరి తీసికొనుటకు వ్యవధియే గాని పరిష్కారము కాదు.

రెండవది, అర్హత లేని యంత్రముపైననే విండోస్ 11ను బలవంతముగా నెలకొల్పుట. పరీక్షను దాటవేయు ఉపాయములు కలవు. ఎన్నో యంత్రములు అట్లు నడచుచున్నవి. అయినను, అట్టి యంత్రములకు ముందుముందు సవరణలు అందునను హామీ లేదని కంపెనీవారు స్పష్టముగా చెప్పియున్నారు. ఈ హెచ్చరిక ఉత్తమాట కాదు. 2024లో వెలువడిన రూపాంతరము కొన్ని ఆజ్ఞలను ప్రాసెసరు విధిగా ఎరిగియుండవలెనని కోరినది. వానిని ఎరుగని కోర్ 2 తరపు యంత్రములు అసలు మొదలే కావు. అనగా ఈ మార్గమున పోవువారు ఏటేటా ఇల్లు ఖాళీ చేయవలసివచ్చునేమో యను భయముతో ఉండు అద్దెవారివంటివారు. సెలవులలో ప్రయోగము చేయగోరు యువకులకు ఇది తగును. ఇంటి లెక్కలు, బ్యాంకు వ్యవహారములు నడపు యంత్రమునకు మేము దీనిని సలహా ఇయ్యజాలము.

మూడవది, లైనక్స్. 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన 386 కంప్యూటరుపై దీనికి కేంద్రమైన భాగమును వ్రాయ నారంభించెను. అంతకు పూర్వమే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ యత్నము దీనికి తోడైనది. నేడు డెబియన్, ఉబుంటు, లైనక్స్ మింట్ మొదలైన పేర్లతో ఇది ఉచితముగా లభించును. మింట్‌కు కనీసము రెండు జి.బి. మెమరీ చాలును; నాలుగు ఉన్న సుఖముగా నడచును. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు ఏండ్ల తరబడి ఇట్టి స్వేచ్ఛా సాఫ్టువేరుతోనే చదువుకొనుచున్నారు. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ తెలుగులోనే ఆజ్ఞలు కనబడు వ్యవస్థను రూపొందించినది. కావున ఇది పండితులకు మాత్రమే యను భయము వలదు.

నెలకొల్పు విధానమును క్రమముగా చెప్పెదము. మొదట మీ పత్రములు, ఛాయాచిత్రములు అన్నిటిని వేరొక డిస్కులోనికి ప్రతి తీసికొనుడు. వీలైనచో రెండు ప్రతులు. తీసికొని ఊరకొనక, మరియొక కంప్యూటరులో తెరచి చూడుడు. తెరచి చూడని ప్రతి ప్రతి కాదు. డిస్కుకు బిట్‌లాకర్ తాళము వేయబడియున్నచో దాని సంఖ్యను కాగితముపై వ్రాసి పెట్టుకొనుడు. పిమ్మట ఆ వ్యవస్థ స్వంత స్థలమునుండియే దానిని దింపుకొని, రూఫస్ వంటి సాధనముతో ఎనిమిది జి.బి. పెన్‌డ్రైవులోనికి ఎక్కింపుడు. ఆ పెన్‌డ్రైవులో పూర్వమున్నదంతయు తుడిచిపెట్టుకొనిపోవునని మరువకుడు.

తరువాత పెన్‌డ్రైవు గ్రుచ్చి, యంత్రమును మొదలుపెట్టునప్పుడు ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్ మీటలలో దానికి తగినదానిని నొక్కినచో, ఏ డిస్కునుండి మొదలు కావలెనో కోరుకొను పట్టిక కనబడును. లైనక్స్ యొక్క గొప్ప సౌకర్యము ఇక్కడనే యున్నది. డిస్కును తాకకయే, పెన్‌డ్రైవునుండియే దానిని నడిపి చూడవచ్చును. వైఫై అందుచున్నదా, ధ్వని వినబడుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా, తెలుగు అక్షరములు సరిగా పడుచున్నవా - ఇవియన్నియు ఒక పూట తీరికగా పరీక్షింపుడు. పెన్‌డ్రైవునుండి నడచునప్పుడు కొంత మందముగా ఉండుట సహజము. అంతయు తృప్తికరమైనప్పుడే నెలకొల్పుటకు పూనుకొనుడు. అప్పుడు డిస్కునంతటిని తుడుచుటయా, పాతదానిని ఉంచి ప్రక్కన నెలకొల్పుటయా అని యంత్రము అడుగును. ఈ ఒక్కచోట తొందరపడి మీట నొక్కరాదు. మన ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోవునో ఎరుగము. కావున ల్యాప్‌టాపును ఛార్జరుకు తగిలించియు, పెద్ద యంత్రమును యు.పి.ఎస్.పై ఉంచియు పని ఆరంభించుట క్షేమము.

ఇల్లు అలకగానే పండుగ కాదు. నెలకొల్పిన వెంటనే సవరణలు వేసికొనవలెను. యంత్రము ఇంకను ఈడ్చుచున్నచో, తిరుగుడు హార్డు డిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. పెట్టించుడు. పాత యంత్రమునకు ఇంత మేలు చేయు మార్పు మరియొకటి లేదు.

దోషములను దాచుట మా పద్ధతి కాదు. విండోస్ కొరకే వ్రాయబడిన కొన్ని ప్రోగ్రాములు లైనక్స్‌పై నడువవు. అంగడి లెక్కలు టాలీలో ఉన్నవారు, డిజిటల్ సంతకపు పరికరముతో దాఖలాలు సమర్పించువారు, అను అక్షరములతో పేజ్‌మేకర్‌లో పెండ్లిపత్రికలు కూర్చు డి.టి.పి. వృత్తివారు తొందరపడి మారరాదు. వారి అన్నము ఆ ప్రోగ్రాములలో ఉన్నది. ఉత్తరములు వ్రాయుట, పాఠములు చూచుట, బ్యాంకు చూచుకొనుట, ఛాయాచిత్రములు దాచుట మాత్రమే పనియైన ఇంటికి ఏ లోటును ఉండదు. లిబ్రే ఆఫీస్ అను ఉచిత సాధనము వర్డు పత్రములను తెరచును. పెద్ద పట్టికలలో మాత్రము అమరిక కొంత చెదరవచ్చును.

స్వేచ్ఛా వ్యవస్థలును పాతవానిని శాశ్వతముగా మోయవు. లైనక్స్ పుట్టిన ఆ 386 ప్రాసెసరునకే 2012లో దానిలో స్థానము పోయినది. 2025లో వచ్చిన డెబియన్ 13, ముప్పదిరెండు బిట్ల యంత్రములపై నెలకొల్పు సౌకర్యమును విడిచిపెట్టినది. కాని భేదమొకటి కలదు. ఇచ్చట పదేండ్ల, పదునైదేండ్ల యంత్రము నేటికిని సవరణలు పొందుచున్నది. ఒక కంపెనీ విడిచిన పనిని మరియొకరు చేపట్టుటకు అడ్డు లేదు. ఏలయన ఆజ్ఞల పాఠము అందరికి తెరచియున్నది.

రేడియో ఉన్న ఇండ్లవారికి ఈ మాట సులభముగా బోధపడును. తాతలు కొన్న వాల్వు రేడియో సరిగా ఉన్నచో, మధ్యతరంగ ప్రసారము గల చోట నేటికిని పలుకును. ప్రసారమునకు ఏర్పరచిన పద్ధతిని ప్రసారకులు మార్చకుండుటయే దానికి కారణము. కంప్యూటరు విషయమున అవతలి ఒడ్డు మారుచుండును. 2023 ఆరంభములోనే క్రోమ్ బ్రౌజరు విండోస్ 7ను విడిచిపెట్టినది. వస్తువు ఆయువు వస్తువులో మాత్రమే గాక, దానికి అవతలనున్నవారి మాటలోను ఉన్నదని మనము గుర్తించి, కొనునప్పుడే "దీనికి ఎన్నేండ్లు సవరణలు ఇత్తురు?" అని అడుగ నేర్చుకొనవలెను.

అన్ని యంత్రములను బ్రతికింపవలెనని మేము చెప్పము. బ్యాటరీ ఉబ్బినచో దానిని ఛార్జి చేయుట ప్రమాదము. డిస్కు టకటక లాడుచున్నచో దానిని నమ్మరాదు. అట్టివానిని చెత్తకుండీలో వేయక, 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న ఇ-వ్యర్థముల నియమముల ననుసరించి, నమోదైన పునర్వినియోగ కేంద్రములకు అందజేయవలెను. వానిలోని సీసము, పాదరసము మన నేలలోను, నీటిలోను కలిసి, మన పిల్లల కడుపులోనికే వచ్చును.

కాని ఆరోగ్యముగానున్న యంత్రము మీ ఇంట గుడ్డ కప్పుకొని మూలనున్నచో, ఒక ఆదివారము దానికి కేటాయింపుడు. చదువుకొను పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. కొత్త యంత్రము వెల మిగులుట ఒక లాభము. యంత్రము లోపల ఏమి జరుగుచున్నదో పిల్లలు కన్నులార చూచుట అంతకంటె పెద్ద లాభము.