కత్తి కన్నా ముందు లెక్క



ఈ స్వర్ణోత్సవ వేళ ఒక సర్జన్ గురించి చెప్పుకుందాం. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు గుంటూరులో వైద్యం, ఢిల్లీ ఎయిమ్స్‌లో నేత్రవైద్యం చదివారు. అమెరికాలో కార్నియా నిపుణుడిగా, అధ్యాపకుడిగా పేరు తెచ్చుకుని కూడా తిరిగొచ్చారు. సినీ నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి అండతో 1987లో హైదరాబాద్‌లో నేత్ర వైద్య సంస్థను స్థాపించారు.

వచ్చిన రోగికి ఆపరేషన్ చేసి ఆయన ఊరుకోలేదు. రాలేనివాళ్లు ఎందరు, ఎందుకు చూపు పోతోంది అని అడిగారు. 1996-2000 మధ్య ఆ సంస్థ రాష్ట్రంలో పది వేలకు పైగా మందిని పరీక్షించింది. అప్పటి మన ఆదిలాబాద్ జిల్లా పల్లెలూ అందులో ఉన్నాయి. అంధత్వంలో 44 శాతం కంటి శుక్లాల వల్ల, 16 శాతం దృష్టిదోషానికి తగిన అద్దాలు లేక వచ్చిందని తేలింది. అంటే పది మందిలో ఆరుగురి చీకటి పోగొట్టదగ్గదే! ఆ సంస్థ ముధోల్‌లో ఆసుపత్రి పెట్టింది. పల్లె యువతకు శిక్షణ ఇచ్చి ఊళ్లల్లో విజన్ సెంటర్లు నడిపింది.

బాయి పని చేసి రిటైరైన మన నాయనలు "వయసు మీద పడ్డది, కండ్లు కనబడ్తలేవు" అని సర్దుకుంటారు. సర్దుకోనివ్వకండి, పరీక్ష చేయించండి. మరణానంతరం ఆరు గంటల్లోపు నేత్రదానం చేస్తే ఇద్దరికి చూపు రావచ్చు. అద్దాలు వాడినవారూ ఇవ్వవచ్చు. మన సంఘం ఈ ఏడాది ఇంటింటా ఈ రెండు మాటలు చెప్పాలని నా మనవి.