పెరటి కలబందతో మా సంఘం పని



కలబంద మనకు కొత్త కాదు. దిష్టికని గుమ్మానికి వేలాడగట్టినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. అంత నీళ్లు ఆకులో దాచుకుంటుంది మరి. గుజ్జులో నూటికి 98 వంతులు నీళ్లే. ఎండకు కమిలిన చర్మానికి, చలికాలం పొడిబారే ఒంటికి అందుకే హాయిగా ఉంటుంది. పొయ్యి దగ్గర చెయ్యి కాలితే మాత్రం ముందు 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టాలి, ఆ తర్వాతే గుజ్జు. లోతుగా కాలితే ఏమీ పూయకుండా ఆస్పత్రికే పోవాలి.

ఆకు కోసినప్పుడు పసుప్పచ్చగా, చేదుగా ఒక జిగురు కారుతుంది చూడండి. అది ఎండితేనే ముసాంబరం. బిడ్డకు పాలు మాన్పించడానికి మన అమ్మమ్మలు రాసుకునేవాళ్లే, అదే. కడుపులోకి పోతే నొప్పి, విరేచనాలు. గర్భిణులకు అస్సలు పనికిరాదు. ఆ జిగురుతో చేసిన విరేచనం మందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మడం అమెరికాలో 2002లోనే ఆపేశారు. అందుకని మేము కోసిన ఆకును మొదలు కిందికి పెట్టి గిన్నెలో నిలబెడతాం. జిగురంతా కారాక తొక్క తీసి, గుజ్జును రెండుమూడు నీళ్లల్లో కడుగుతాం.

ఈ సంవత్సరం మా సంఘంలో పెద్ద వాదనే జరిగింది. సబ్బు కంటే రసం అమ్మితే డబ్బులు తొందరగా వస్తాయని, షుగర్‌కు మంచిదంటే సంతలో ఎగబడి కొంటారని కొందరు అక్కలు అన్నారు. నెలనెలా కిస్తీ కట్టాల్సింది మనమే కదా, వాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. కానీ మన మాట నమ్మి ఎవరన్నా మాత్రలు మానేస్తే? మాత్రలతో పాటు తాగి షుగర్ మరీ పడిపోతే? మూడు మీటింగులు మాట్లాడుకున్నాం. రసం వద్దని తీర్మానం రాసుకున్నాం.

ఒంటి సబ్బు చేసి అమ్మాలన్నా లైసెన్సు కావాలి. కాగితాలు పెట్టాం, అది వచ్చేదాకా మా ఇళ్లల్లోనే వాడుకుంటున్నాం. రేపరు మీద 'తెల్లబడతారు' అని రాయం. మన రంగుకు ఏమొచ్చింది? కొత్తగా వాడేవాళ్లు ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడండి, కొందరికి దురద వస్తుంది.

పిలకలు 40 తెచ్చాం. కావలసిన సంఘాలవాళ్లు భోజనాలప్పుడు మమ్మల్ని అడగండి.